నేను చెడగొట్టిన గుడి గోడ

"తాతా, మన గుడి ఇన్నేళ్ళు ఎట్టా నిలబడింది? తిరునాళ్ళ పుస్తకంలో రాయాలంట. ఫాదర్ గారు నిన్నే అడగమన్నారు."

నన్నే అడగమన్నాడా? తెలిసన్నాడో తెలవకన్నాడో గానీ సరైన మనిషినే చూపించాడు. ఆ ఫోను కాస్త దగ్గరగా పెట్టు స్టెల్లా, పళ్ళు పోయినయ్యి గదా, మాట గాలికి పోతది.

కట్టింది తెల్ల ఫాదరు. నేను చూళ్ళేదు, మా తాత చెప్పేవాడు. కరువు రోజులంట. పనికొచ్చినోళ్ళకి పొద్దుగూకేసరికి జొన్నలు కొలిచి పోసేవోళ్ళంట. ఆ జొన్నలతోనే మన పల్లె బతికింది. అందుకే మా తాత గుడి ముందు నుంచి పోతే తలగుడ్డ తీసేవాడు, లోపల పూజ ఉన్నా లేకపోయినా. రాయంతా మన పక్క గనుల్లోదే, ఎడ్లబండ్ల మీద తోలారు. గోడ మందం చూశావుగా, రెండు మూరలు. కిటికీల పైన మొనదేలిన కమాన్లు ఉంటయ్యే, అయ్యి అప్పుడు ఈ చుట్టుపక్కల ఎవురికీ తెలవదు. ఆ ఫాదరే నేల మీద బొగ్గుతో గీసి మన మేస్త్రీలకి చూపించాడంట. టేకు దూలాలు మాచర్ల దాకా రైల్లో... కాదు కాదు, అప్పటికి రైలేది? కృష్ణలో పడవల మీదొచ్చినయ్యంట.

ఏంది నువ్వడిగింది? ఆఁ, ఎట్టా నిలబడిందని. దాన్ని కూలదొయ్యబోయింది నేనేనమ్మా. రాసుకో, సిగ్గేం లేదు ఇప్పుడు.

నాకప్పుడు ముప్పై లోపు. మీ నాయన ఇంకా మీ నాయనమ్మ కడుపులో ఉన్నాడు. సిమెంటు పర్మిట్టు మీద దొరికే రోజులు. తాపీ మేస్త్రీకి రోజుకి ఎనిమిది రూపాయలు, అదే గొప్ప. గుడి గోడల సున్నం అక్కడక్కడా రాలతా ఉంటే అప్పటి ఫాదరు నన్ను పిలిచాడు. నేను మాచర్లలో రెండు బిల్డింగులు చేసొచ్చి ఉన్నా, కాళ్ళు నేల మీద ఆనట్లా. సున్నం ఏంది ఫాదర్, ముసలోళ్ళ పని, సిమెంటు పూస్తా, మీ తర్వాత పదిమంది ఫాదర్లు మారినా గోరు కూడా దిగదు అన్నా. ఫాదరు పూజ చేసే పీఠం వెనక గోడా, ఎడమ పక్క గోడా లోపలా బయటా పూశా. నున్నగా అద్దంలాగ తేల్చా. ఊరంతా నన్ను నెత్తిన పెట్టుకుంది. కుడి పక్కకి సిమెంటు చాలక వదిలేశాం. అదీ దేవుడి దయే అనుకో.

ఏడెనిమిది వానలు పడినయ్యి. గోడకి చెమట పట్టడం మొదలైంది. రంగు ఉబ్బి పొరలు పొరలుగా ఊడింది. పీఠం వెనక బీట ఇచ్చింది, వేలు దూరేంత. బయటి నుంచి ఇంజనీరు ఒకాయన వచ్చి చూసి, పాతబడిపోయింది, కొట్టేసి స్లాబు వేసుకోండి అన్నాడు. గుడి కమిటీవోళ్ళు సరేనన్నారు. కొత్త గుడి కాంట్రాక్టు మన యోహాను మేస్త్రీకే అన్నారు. అంటే నాకే. ఇంట్లో ముగ్గురు పిల్లలు, ఉండేది తడికెల ఇల్లు. అంత పని జన్మలో మళ్ళీ రాదు. మీ నాయనమ్మ ఆ రోజు కోడిని కూడా కోసింది.

నాకేదో అనుమానం, పళ్ళెం పక్కన పెట్టి లేచా. ఒక్కణ్ణే గుడిలోకి పోయా. కుడి పక్క గోడ మీద అరచెయ్యి పెడితే పొడిగా ఉంది. ఎడమ పక్క పెడితే చెయ్యి తడిసింది. ఒకే రాయి, ఒకే వయసు. నేను పూసిన కాడే చెడింది. నేలలోంచి పైకెక్కిన తడి సున్నంలోంచి ఆరిపోయేది, నా సిమెంటు దాన్ని లోపలే బిగించింది. ఇది నీకు ఇంజనీరింగు కాలేజీలో చెప్పుంటారు, నాకు నా అరచెయ్యే చెప్పింది.

ఆదివారం పూజ అయినాక మీటింగు. ఫాదరు ముందు పాపాలు ఒప్పుకునే పాపసంకీర్తనంలో కూడా నాకు అంత భయం వెయ్యలేదు. లేచి నిలబడి అన్నా, "తప్పు గోడది కాదు ఫాదర్, నాది. సిమెంటు పూసి నేనే చెడగొట్టా. గుడిని కొట్టెయ్యొద్దు."

కమిటీ పెద్ద ఒకాయన, పనీ చేతగాదు, వచ్చిన కాంట్రాక్టు నిలుపుకోనూ చేతగాదు అని నవ్వాడు. తల కొట్టేసినట్టయింది. బాగుచెయ్యగలవా అని ఫాదరు అడిగాడు. తెలవదన్నా. నిజంగానే తెలవదు.

అప్పుడు ఆడోళ్ళ వైపు నుంచి మర్తమ్మ లేచింది. ఎనభై ఏళ్ళ మనిషి, నడుం వంగిపోయింది. గుడి కట్టేటప్పుడు సున్నం గానుగ తోలింది వాళ్ళ నాయన. ఎద్దుల ఎనక తిరుగుతా నీళ్ళు పోసింది చిన్నపిల్లప్పుడు ఈమే. "నాకు తెలుసు నాయనా. చేసి పెట్టే ఓపిక లేదు, చెబుతా, నువ్వు చెయ్యి" అంది. ఒక్క తిట్టు తిట్టలా. నేనైతే తిట్టుండేవోణ్ణే.

సిమెంటంతా నేనే ఉలితో గీకా. ఎండాకాలమంతా గోడని ఆరనిచ్చాం. పిడుగురాళ్ళ నుంచి సున్నం తెచ్చి గుంటలో నానేశాం. రోజూ పొద్దున్నే మర్తమ్మ కర్ర పట్టుకుని వచ్చి గుంట గట్టున కూర్చునేది. ఇసక ఇంత, కరక్కాయ నానేసిన నీళ్ళు ఇన్ని, బెల్లం నీళ్ళు ఇన్ని, అన్నీ నోటి లెక్కే. నేను అయిందన్న ప్రతిసారీ వేలితో రుద్ది, ఇంకా గరుగ్గా ఉంది, తిప్పు అనేది. పదకొండు రోజులు తిప్పించింది. పన్నెండో రోజు వేలితో రుద్ది తలూపింది. నా జన్మలో అంత పెద్ద మెప్పు నాకెవురూ ఇవ్వలా తల్లీ.

ఆ సున్నమే బీటలో నింపి గోడలకి పూశా, తడి ఆరింది, గుడి నిలబడింది. కాంట్రాక్టు పోయింది, తడికెల ఇంట్లో ఇంకా ఆరేళ్ళున్నాం, మీ నాయనమ్మ కొన్నాళ్ళు పలకలా. అయితే ఏంది? సున్నం పనికి తర్వాత ఎన్ని గుళ్ళవోళ్ళు పిలిచారో. నా బిడ్డలు తిన్న అన్నం మర్తమ్మ పెట్టిందే. ఆమె పోయినప్పుడు శవప్పెట్టెని ఆ పీఠం ముందే పెట్టారు. నేను ఎడమ గోడకి ఆనుకుని నిలబడి చిన్నపిల్లోడిలాగ ఏడ్చా.

నువ్వు సోమవారం నుంచి సైటుకి పోతన్నావు గదా, ఇంజనీరమ్మా. ఇట్టా రా, తల మీద చెయ్యి పెట్టనీ. తప్పు చెయ్యకుండా ఉండమని దీవించనులే, చేస్తావు, నేను చెయ్యలేదా? చేసిన రోజున నాదేనని చెప్పే నోరు నీకు రావాల. తిట్టకుండా పక్కన కూర్చుని నేర్పే మర్తమ్మ ఒకరు నీకు దొరకాల. చాలు... ఆ ఫోను ఆపు, కళ్ళు తుడుచుకోవాల.