వీధంతా నెట్ లేదు

ముందుగదిలో బల్ల మీద ఎర్రలైటు వేసుక్కూర్చున్న రూటర్. దాని ముందు బావ, బావమరిది. అక్క నేర్పబోయే ఆన్‌లైన్ కుట్టు క్లాసుకి తొలిరోజు ఇవాళే; ఇంకో అరగంటలో మొదలవ్వాలి.

“ముట్టుకోనే లేదంటున్నావు. మరి ఈ పిన్నీసు ఇక్కడెందుకుంది బావా?”

“దుమ్ము తీశాను.”

“రీసెట్ రంధ్రంలోనా?”

“సినిమా ఆగాగి వస్తోంది రా. కాస్త కదిలిద్దామని...”

“కదిలించడం కాదు, ఉన్నదంతా ఊడ్చిపెట్టేశావు. సరే, సెట్టింగ్స్‌లో కనెక్షన్ టైప్ ఏం పెట్టావు?”

“ఆటోమేటిక్.”

“ఎందుకు?”

“వాషింగ్ మెషీన్‌కి అదే పెడతాను. ఏనాడైనా కాదందా?”

“ఇది బట్టలుతకదు బావా. మీ ఫైబర్ వాళ్లు యూజర్ నేమ్, పాస్‌వర్డ్ చెబితేగానీ లోపలికి రానివ్వరు. కింద పీపీపీఓఈ అని ఉంది చూడు, అది పెట్టాలి.”

“అదీ పెట్టి చూశాను. పేరడిగింది. నా పేరు కొట్టాను.”

“నీ పేరెవడిక్కావాలి? కంపెనీ ఇచ్చిన పేరు కొట్టాలి. కస్టమర్ కేర్‌కి ఫోన్ చెయ్యి.”

“చెయ్యను.”

“ఏం?”

“పొద్దున చేశాను. కాస్త మాటా మాటా వచ్చింది.”

“కాస్తంటే?”

“వాళ్ల మేనేజర్ దాకా వచ్చింది.”

“భేష్. కనెక్షన్ అక్క పేరు మీదేగా? ఆ వివరాలు తన ఫోన్‌లో ఉంటాయి. అడుగు.”

“నువ్వడుగు.”

“మొగుడివి నువ్వు.”

“అందుకే రా భయం. రీసెట్ సంగతి దానికి తెలీదు.”

“మరేం చెప్పావు?”

“వీధంతా నెట్ పోయిందన్నాను.”

“నమ్మేసిందా?”

“నాతో కలిసి కంపెనీని తిట్టింది కూడా. ఇన్నాళ్లకి పన్నెండుమంది చేరారు, మొదటిరోజే నా మాట పోతుందని కళ్లనీళ్లు పెట్టుకుంది. చాలా బాధేసింది రా.”

“బాధేసి?”

“వెళ్లి ఇంకోసారి దుమ్ము తీశాను.”

“అదిగో, అక్క వస్తోంది. నిజం చెప్పెయ్.”

“ఏమే... అదీ... ఈ వీధి నెట్ సంగతి...”

“పాస్‌వర్డేగా? ఇదిగో, కొట్టుకోండి. మీరు చెప్పారు కదా అని, వీధంతా నెట్ లేదు, క్లాసు రేపని గ్రూపులో మెసేజ్ పెట్టేశాను.”

“మంచిపని చేశావు. అర్థం చేసుకుంటారులే.”

“చేసుకున్నారు. ఎదురింటావిడ వాళ్ల టీవీలో ఆడుతున్న సినిమాని ఫోటో తీసి, ‘మాకు నెట్ బాగానే వస్తోందే’ అని అదే గ్రూపులో పెట్టింది. నా మొదటి స్టూడెంటు ఆవిడేనండీ.”