చాక్లెట్ వద్దని ఓడిన పిల్లలు, గుడ్రున్ గారి ముప్పై రెండేళ్ళు

1991 సెప్టెంబరు రెండో తేదీ, సోమవారం నాడు గుడ్రున్ క్వోర్నింగ్ గారు ఆర్‌హుస్ నగరంలోని మా బాలల మానసిక చికిత్సా విభాగంలో మనస్తత్వ నిపుణురాలిగా బాధ్యతలు స్వీకరించారు. అప్పటికి నేనింకా ఇక్కడి వంటగదిలో చేరలేదు. ఆ తొలినాళ్ళ సంగతులు వారు కాఫీ తాగుతూ చెప్పగా విన్నవే.

ఆ రోజుల్లో తిండి మానేసిన పిల్లను మొండిదనీ, ఆ పిల్ల తల్లిని చేతకానిదనీ అనేసి ఊరుకునేవారట. గుడ్రున్ గారికి ఆ మాట రుచించలేదు. పదమూడు, పద్నాలుగేళ్ళ ప్రాయంలో మెదడు దేన్ని లాభమని గుర్తుంచుకుంటుంది, దేన్ని నష్టమని భయపడుతుంది, ఒకనాడు ఆలోచించి చేసిన నిర్ణయం ఎప్పుడు అలవాటుగా మారి మనసు అడక్కముందే చేతితో కంచాన్ని పక్కకు నెట్టిస్తుంది అన్న ప్రశ్నలకే వారు తమ ఉద్యోగ జీవితాన్ని అంకితం చేశారు.

అందుకోసం వారు కంప్యూటర్‌లో ఒక ఆట తయారు చేయించారు. తెరమీద రెండు బొమ్మలు కనిపిస్తాయి. ఒకటి ఎక్కువగా గెలిపిస్తుంది, రెండోది ఎక్కువగా ఓడిస్తుంది. ఏది ఏదో పిల్లలే ఆడి తెలుసుకోవాలి. గెలిచినప్పుడల్లా ఒక చిన్న చాక్లెట్ బహుమతి. పోలిక కోసం బడి నుంచి రప్పించిన, ఏ జబ్బూ లేని పిల్లలు గెలిచే బొమ్మను ఇట్టే పట్టేశారు. మా విభాగంలోని పిల్లలు మాత్రం ఓడించే బొమ్మనే పదే పదే నొక్కారు. వీరి మెదడు ఫలితాల నుంచి నేర్చుకోలేకపోతోందని తేల్చి, గుడ్రున్ గారు కోపెన్‌హాగెన్ సదస్సుకు వ్యాసం కూడా సిద్ధం చేసుకున్నారు. ఆ వారంలోనే ఒక అమ్మాయి ఆట ముగించి లేచి వెళ్ళబోతుంటే ఊరికే అడిగారట.

"ఏ బొమ్మ గెలుస్తుందో నీకు తెలియలేదా?"

"మొదట్లోనే తెలిసింది."

"మరి?"

"గెలిస్తే చాక్లెట్ ఇస్తావుగా. అందుకే ఓడాను. పొరపాటున ఒకసారి గెలిచాను, ఆ చాక్లెట్ తినాల్సి వచ్చింది."

కొత్తగా చేరిన వాళ్ళందరికీ ఈ కథ చెప్పి, "ఆ పిల్లకి లెక్క వచ్చు. రానిదల్లా నాకే" అని వారే ముందుగా నవ్వేవారు. వ్యాసాన్ని వెనక్కి తీసుకున్నారు. ఆ పిల్లల మెదడు నేర్చుకోకపోవడం కాదు, మనం బహుమతి అనుకున్నది దాని లెక్కలో శిక్ష అయి కూర్చుందని గ్రహించి, పరిశోధనను మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టారు. అందరు పిల్లలూ ఒకలా ఉండరన్న మాట మాత్రం ప్రతిసారీ చేర్చేవారు.

2008లో విభాగాధిపతి అయ్యాక వారు చేసిన మొదటి పని భోజనాల గది పద్ధతి మార్చడం. పిల్లలు తినే రై ధాన్యపు నల్ల రొట్టెనే, పంటి గుర్తు పడేంత మందంగా వెన్న రాసి, సిబ్బంది కూడా వారి పక్కనే కూర్చుని తినాలి. ఎవరెంత తిన్నారో పైకి అనకూడదు. వెన్న రాసే పని నాది కాబట్టి ఆ మందం నాకు బాగా గుర్తు.

2016లో మా అమ్మాయి తిల్డె చికిత్స కోసం ఇదే విభాగంలో చేరింది. దానికప్పుడు పద్నాలుగేళ్ళు. గుండె బాగా నెమ్మదిగా కొట్టుకుంటోందనీ, వారాంతంలోగా తనంతట తాను భోంచేయకపోతే ముక్కు ద్వారా గొట్టం వేయాలనీ డాక్టర్లు చెప్పారు. ఆ రోజు మధ్యాహ్నం నేను దాని పక్కన కూర్చున్నాను. ఒక ముక్క నోట్లో పెట్టుకుంది. "మా బంగారు తల్లివి, చూడు ఎంత బాగా తింటున్నావో" అన్నాను. తిల్డె రొట్టె కింద పెట్టేసింది.

గుడ్రున్ గారు తమ లంచ్ డబ్బా పట్టుకొచ్చి మా ఇద్దరి మధ్యా కుర్చీ లాక్కున్నారు.

"హెల్లె, నీ సంతోషం కాసేపు జేబులో పెట్టుకో" అని నాతో చెప్పి, తిల్డె వైపు తిరిగి, "మా ఇంట్లో మూడు కోళ్ళున్నాయి" అన్నారు.

"గుడ్లు పెడతాయా?" అంది తిల్డె, చూపు ఎత్తకుండానే.

"రెండు పెడతాయి. మూడోది నాలాంటిది, మీటింగులకు మాత్రం తప్పకుండా వస్తుంది."

తిల్డె ఫక్కున నవ్వింది. నేను కిటికీలోంచి సైకిళ్ళ షెడ్డు వైపు చూస్తూ కూర్చున్నాను. తిల్డె కంచం వైపు చూడకుండా ఉండడం అంత కష్టమని అప్పటిదాకా నాకు తెలియదు. మళ్ళీ రొట్టె విరిచిన చప్పుడు వినిపించింది.

సగమే తిన్నది. మర్నాడు ఇంకాస్త. గొట్టం అవసరం రాలేదు. ఇంటికొచ్చాక జబ్బు రెండుసార్లు తిరగబెట్టింది, మళ్ళీ తేరుకుంది. ఇప్పుడు తిల్డె హోర్సెన్స్ ఊళ్ళో ఎలక్ట్రీషియన్ పని నేర్చుకుంటూ, వేరే గదిలో ఒక్కతే ఉంటోంది.

గుడ్రున్ గారి పదవీ విరమణ వార్త విన్న రోజున చేతిలో పని అక్కడే వదిలేశాను. వారి గదికి వెళ్ళాను.

"మళ్ళీ తిరగబెడితే నేనెవర్ని అడగాలి?"

"తిల్డెని అడుగు."

"అది దాచిపెడితే?"

"దాచవచ్చు. కానీ హెల్లె, తిండి ప్రమాదమని నేర్చుకున్న మెదడుకి, కాదని మనం చెబితే చాలలేదు కదా. తినాలి, అనుకున్న ప్రమాదం రాకూడదు. మళ్ళీ తినాలి, మళ్ళీ రాకూడదు. అనుకున్నది జరగనప్పుడే అది కొత్తగా నేర్చుకుంటుంది. నీదీ మెదడేగా, అదీ అలాగే నేర్చుకుంటుంది. అడిగి చూడు."

బస్ స్టాపులో నిలబడి తిల్డెకి ఫోన్ చేశాను. ఏదో నములుతూనే ఎత్తింది.

"అమ్మా, తింటున్నాను. నువ్వు తిన్నావా?"

పొద్దుటి నుంచీ నేనేమీ తినలేదు. ఆ మాటే చెప్పాను. "అయితే ఇంటికెళ్ళి తిను, ఫోన్ పెట్టెయ్యకు, నేను లైన్లోనే ఉంటాను" అంది మా తిల్డె. అలాగే తిన్నాను. తింటున్నంతసేపూ అది తన యజమాని మీద చాడీలు చెబుతూనే ఉంది.

గుడ్రున్ గారూ, మీ శేషజీవితం ఆయురారోగ్యాలతో, మనవల సందడితో, మీటింగులు లేని ప్రశాంతమైన మధ్యాహ్నాలతో సాగాలని మా వంటగది మొత్తం మనసారా కోరుకుంటోంది. మంచు పడ్డ రోజున సైకిలెక్కకండి. మోకాలి నొప్పి ముదిరేదాకా ఆగకుండా డాక్టరుకు చూపించుకోండి. మీకేమవుతుందోనని నేను ఎలాగూ ప్రతి చలికాలం భయపడతాను. ఏమీ కాకుండా మీరు ప్రతి వసంతంలో మాకు కనిపిస్తూ ఉండండి. అలా నిండు నూరేళ్ళు జరిగితే, చివరికి నేనూ నేర్చుకుంటాను.

— హెల్లె స్కౌ, వంటశాల