దోన్యా ఎర్లిందా ఇంటి ఎర్ర బల్బు

గ్వాటెమాలా నగరం, లా పరోకియా పేట. శనివారం సాయంత్రం, మొక్కజొన్న పిండిని అరిటాకులో కట్టి ఉడికించే తమాల్స్ వేళ. కొత్త దంపతులు ఇల్సి, ఎల్మెర్ ఫోన్లో మాట్లాడుకుంటున్నారు. ఆమె ఇంట్లో ఉంది, అతను వీధిలో ఉన్నాడు.

"ఆర్పేద్దామంటావా?"

"వద్దు! ఇల్సీ, ఆ బల్బు జోలికి వెళ్ళావంటే చూడు."

"మరి నన్నేం చెయ్యమంటావు ఎల్మెర్? శనివారం గేటు మీద ఎర్ర బల్బు వెలిగిందంటే ఇంట్లో తమాల్స్ ఉడికాయనేగా అర్థం. జనం గిన్నెలు పట్టుకుని మలుపు దాకా నిలబడ్డారు. నేను తెర వెనక నుంచి చూస్తున్నాను."

"మన కుండలోది ఇంకొకటి విప్పి చూడు. ఈపాటికి ఉడికుంటుంది."

"ఇప్పుడే విప్పాను. అరిటాకు చూస్తే ముద్దొస్తోంది. లోపల మొక్కజొన్న పిండి మాత్రం గోడకి కొట్టే సున్నంలా ఉంది. పొద్దుట్నుంచి ఉడుకుతోంది బాబోయ్! కొవ్వు ఎక్కువైందో, నాకు బుర్ర తక్కువైందో."

"అమ్మ చెప్పింది నిజమేనేమో. కొత్త పెళ్ళికూతురి కళ్ళు పడితే తమాల్ ఉడకదని..."

"నువ్వూ అదే మాటా! ఆ వంక పెట్టేగా మన పెళ్ళైన దగ్గర్నుంచీ ప్రతి శనివారం మధ్యాహ్నం మనిద్దర్నీ బయటికి తోలేసేది. పోండి, పేటంతా తిరిగి తినండి, దీపం వెలిగాకే గడప తొక్కండి అని."

"ఆ తిరుగుళ్ళు బాగుండేవి."

"బాగుండేవా! గుడి పక్క బండి మీద రెయ్యెనితో తినిపించావు, గుర్తుందా? అరటిపండు బూరెలో నల్ల చిక్కుళ్ళ తీపి ముద్ద! మూతి కాలి ఏడుస్తూనే రెండోది అడిగాను. నువ్వేమో ఊదుతూ..."

"ఇల్సీ."

"ఆఁ ఆఁ, సరే. ఎక్కడున్నావు?"

"నోయెమి వాళ్ళ గేటు దగ్గర. ఇక్కడా బల్బు వెలిగింది. ఒకటి కొని తింటున్నా."

"ఎలా ఉంది? అత్తయ్య చేసినట్టుందా? కుండెడు కొనేసి మనవేనని పంచేద్దాం."

"పిండిలో బియ్యప్పిండి కలిపారు. నాలుక మీద జారిపోతోంది. అమ్మది నమిలితేగానీ దిగదు."

"అయితే మెట్ల దారి దగ్గర కొత్తగా పెట్టిన కొట్టు?"

"అక్కడే మొదలుపెట్టాను. ఆలివ్ వెయ్యాల్సిన చోట ఎండుద్రాక్ష వేశారు."

"తీపా! దోన్ నేఫ్తాలీ ఒక్క కొరుకుతో పట్టేస్తాడు. లైన్లో మొదట ఆయనే ఉన్నాడు, ఫ్లాస్కుతో కాఫీ కూడా తెచ్చుకున్నాడు పాపం. వంతెన పక్క లావుపాటాయన కొట్టో?"

"ఆయన బంగాళాదుంపవి చేస్తాడు. అవి గురువారమే. శనివారం అడిగానని నన్ను పిచ్చోణ్ణి చూసినట్టు చూశాడు."

"ఎల్మెర్, ఆసుపత్రి నుంచి మళ్ళీ ఫోన్ వచ్చింది."

"సంతకం పెట్టిందా?"

"లేదు. తుంటి ఆపరేషన్ రేపు పొద్దున్నే అని డాక్టరు చెప్పాడట. అత్తయ్య కాగితం ముట్టుకోనంటోంది. నా గేటు మీద దీపం వెలిగింది, కుండ ఖాళీ అయింది అని నా కోడలు నోటితో చెప్పాకే పెడతానంటోంది. నర్సు నన్నే తిట్టింది, మీ ఇంట్లో అందరూ ఇంతేనా అని."

"ఖాళీ అయిందని చెప్పెయ్యకపోయావా!"

"చెప్పాను! మిరప ముక్క చిన్నదొచ్చిందని ఇవాళ ఎవరు గొడవ పడ్డారు అని అడిగింది. నేను తడబడ్డాను. అంతే, ఫోన్ పెట్టేసింది."

"రేపు తప్పితే?"

"మళ్ళీ ఎప్పుడు కుదురుతుందో చెప్పలేమన్నారు. ఈ వయసులో అన్నాళ్ళు మంచం మీద ఉంటే ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరుతుందట. ఆ తర్వాత... ఎల్మెర్? ఉన్నావా?"

"ఉన్నా."

"ఏడుస్తున్నావా?"

"లేదు. కారం."

"పేటలో ఇంకే ఇంటి మీదా దీపం లేదా?"

"లేదు."

"ఒక్కటి కూడా?"

"లేదన్నానుగా."

"దోన్యా ఒబ్దులియా ఇంటి మీద ఉంటుంది."

"ఆ పేరెత్తకు. మంగళవారం మంగళవారం బజార్లో అమ్మకీ ఆవిడకీ జరిగే తిట్ల జాతర నువ్వూ చూశావుగా. నీ తమాల్ కుక్క కూడా మూతి పెట్టదు అంది మా అమ్మని, అందరి ముందూ!"

"అత్తయ్య మాత్రం ఊరుకుందా? టమాటా విసిరింది. బాగా పండింది. ఆవిడ చెవి పక్కన పగిలింది. నాకు ఎంత నవ్వొచ్చిందో, బుట్టలో మొహం దాచుకున్నాను."

"ఆ గుమ్మం ఎక్కను ఇల్సీ. చచ్చినా ఎక్కను."

"చచ్చేది నువ్వు కాదు ఎల్మెర్."

"నడుస్తున్నా. ఆ సందులోకే."

"బంగారానివి. పరిగెత్తు."

"నువ్వు వెనక తలుపు వేసుకున్నావా?"

"తీసే ఉంచాను. నిన్న ఆ వాన్లో మెట్ల మీద పడ్డ దగ్గర్నుంచీ, మందు మత్తులో కూడా అత్తయ్య అదే గొణుగుడు కదా, నాలుగింటికి వెనక తలుపు, నాలుగింటికి వెనక తలుపు అని. ఎందుకో తెలియక నాలుగింటికే తీశాను. పిల్లి దూరి పంది ముక్క ఎత్తుకుపోయింది... అయ్యో, గేటు కొడుతున్నారు. వస్తున్నా దోన్ నేఫ్తాలీ! ఇంకొక్క ఉడుకు రావాలంతే! మీరు కాఫీ తాగుతూ ఉండండి!"

"నమ్మారా?"

"నవ్వారు. ఎందుకో అందరూ ఒకేసారి నవ్వారు. నాకు భయమేస్తోంది. నువ్వు చేరావా?"

"చేరాను. టోపీ కిందికి లాక్కున్నాను. గేటు దగ్గర ఎవరో పిల్ల అమ్ముతోంది. ముందు ఒకటి కొని చూస్తా... విప్పుతున్నా."

"ఊఁ?"

"ఇది అమ్మది."

"ఏంటి?"

"అమ్మ తమాల్ ఇల్సీ! గుమ్మడి గింజలు, నువ్వులు కాస్త మాడేదాకా వేయించిన ఆ చేదు. కట్టిన నార ముడి కూడా అమ్మ వేసే ముడే. దొంగ ముఖంది! మా అమ్మ చేతి రుచి మొత్తం దొంగిలించింది!"

"అరవకు! ముందు కొను, తర్వాత తిట్టు!"

"ఎవరయ్యా నా గేటు దగ్గర అరిచేది? టోపీ తియ్యి. ఓహో, ఎర్లిందా కొడుకువా!"

"అవును దోన్యా ఒబ్దులియా, నేనే. ఎల్మెర్‌ని. ఏం చేస్తారు?"

"నిన్నేం చేస్తాను, తలకాయ! వీధి గేటు దగ్గరికెందుకొచ్చావు? వెనక తలుపు దగ్గరికి రాక? మీ అమ్మేదీ? నాలుగింటి నుంచి మీ కుండ కింద కట్టెలు ఎగదోస్తూనే ఉన్నాను."

"మా కుండా?"

"మీదే. గేటు దగ్గర పిల్ల పొరపాటున అందులోదే నీకు అమ్మింది. మూతకి మీ అమ్మ పసుపు గుడ్డ కట్టి లేదూ? చూడు."

"ఎల్మెర్, ఏమంటోందావిడ? స్పీకర్లో పెట్టు, స్పీకర్లో పెట్టు!"

"పెట్టాను. దోన్యా, నాకేం అర్థం కావట్లేదు."

"అర్థం కాకూడదనే మీ అమ్మ ఒట్టు వేయించుకుంది. మూడేళ్ళ కిందట ఆ జ్వరం వచ్చి తగ్గాక దాని నాలుక చచ్చిపోయింది నాయనా. ఉప్పేసిందో లేదో తెలియదు, పిండి పులిసిందో లేదో తెలియదు. ఇక్కడే, ఈ వెనక గుమ్మంలో కూర్చుని ఏడ్చింది. నేనే అన్నాను, దీపం నువ్వు వెలిగించవే, పొయ్యి నేను వెలిగిస్తాను అని. నాకు వేయించడం, ముడి వెయ్యడం చూపించింది. అప్పట్నుంచీ అంతే."

"మరి బజార్లో ఆ తిట్లు?"

"ఎవరికీ అనుమానం రాకూడదుగా. టమాటాలు కూడా నేనే ఏరిచ్చేదాన్ని, మెత్తగా ఉన్నవి."

"పెళ్ళికి ముందు శనివారాలు బస్సు దిగి ఇంటికొచ్చి, అమ్మా, నీ చెయ్యి ఈ పేటలో ఎవరికీ లేదు అనేవాణ్ణి."

"అన్నావని నాకొచ్చి చెప్పేది. చెప్పి నవ్వేది, నవ్వుతూ నా శాలువా తడిపేసేది. అదేదిరా? ఎందుకు రాలేదు?"

"తుంటి విరిగింది దోన్యా. ఆసుపత్రిలో ఉంది. ఈ కుండ ఖాళీ అయితేగానీ ఆపరేషన్‌కి సంతకం పెట్టదట."

"దేవుడా! అయితే ఇంకా నిలబడ్డావేం? మీ అమ్మ లాక్కెళ్ళే బండి ఎక్కించు కుండని. నువ్వు ఈ వైపు పట్టుకో. నేను ఆ వైపు పడతాను. ఇదిగో విను, ఇది నా ఇంటి నుంచి వచ్చిందని ఒక్క పురుగుకి కూడా తెలియకూడదు. తెలిసిందా, అది సంతకం పెట్టినా ఆ వీధిలో మళ్ళీ తలెత్తదు."

"తెలియనివ్వను. ఇల్సీ, విన్నావా?"

"విన్నాను. ముక్కు చీదుకుంటున్నాను, ఆగు. అత్తయ్యని చూస్తే గట్టిగా పట్టేసుకోవాలనుంది."

"తర్వాత. ముందు ఆ జనాన్ని ఎలాగైనా లోపలి వరండాలోకి లాగు. నేను వెనక సందులోంచి వస్తా. అబ్బా, ఎంత బరువు ఇది! ఈ ఎత్తు మీద అమ్మ ఒక్కతే ఎలా లాగేది?"

"ఎలా లాగను వాళ్ళని? ఏం చెప్పి?"

"ఏదో ఒకటి చెప్పు! కాఫీ ఇస్తానను, పాట పాడతానను. బండి ఎవరి కంటా పడకూడదు ఇల్సీ, అమ్మ పరువు నీ చేతిలో ఉంది!"

"సరే సరే, గేటు తీస్తున్నా. దోన్ నేఫ్తాలీ, మీరంతా ఒక్కసారి లోపలికి... ఆఁ? ఏంటండీ?... ఏమన్నారు?"

"ఏమంటున్నాడు?"

"'అమ్మాయ్, ఒబ్దులియా ఇంటి నుంచి బండి ఇంకా రాలేదేం? మీ అత్తయ్య ఒక్కతే దాన్ని లాక్కుంటూ వస్తుంటే, చూశామని తెలిస్తే చిన్నబోతుందని ఈ వీధంతా గోడవైపు తిరిగి నిలబడేవాళ్ళం. ఆవిడ లేదు కదా, ఇవాళైనా మేమెళ్ళి ఓ చెయ్యి వెయ్యొచ్చా?' అంటున్నాడు."