గడప బయట మూడో జత

చెప్పులు బయట విడిస్తివా? లోపలికి తెచ్చుకో మనవడా. ఆ మూల బియ్యం మూట పక్కన పెట్టు. దేవుడి పటం ఉండాదని సంకోచం వద్దు, ఆయనకూ నాకూ ఆ విషయంలో ఎప్పుడో మాటలైపోయినాయి. కువైట్‌లో ఈ అబ్బాసియా మొత్తంలో చెప్పులు రూములో పెట్టుకునే తెలుగోడు నర్సింహులొక్కడే అని నవ్వుతారు. నవ్వనీ. కూర్చో, టీ తాగు. రేపట్నుంచి మిషారి ఇంట్లో డ్రైవరు పనికి రమ్మంటే పోనంటివంట గదా? 'మా తాతను చంపించినోడి గడప తొక్కను' అంటివంట. ఉండు, కోపం తర్వాత పడుదువు. మీ తాత పుల్లయ్యన్న సంగతి మీ అవ్వ సంజీవమ్మ చెప్పింటాది. కానీ ఆమె అప్పుడు ఈడ లేదు. నేనుండా. అర్దియాలో ఆ ఇంటికి ఆయన వంటమనిషి, నేను డ్రైవరు. మిషారి మా కఫీల్ కొడుకు, అంటే మాకు వీసా ఇచ్చిన యజమాని కొడుకు. మిద్దె మీద రూములో మేమిద్దరమే. నేనంటే ఏమనుకుంటివి, తొంభైలో ఇరాక్ సైన్యం దిగిన పొద్దు ఏడు ట్యాంకులకు ఎదురుగా కారు అడ్డం పెట్టి నిలిపినోడిని. ఏడు. ముందర ట్యాంకులోడు దిగి సలాం కొట్టి, దారి ఇయ్యి అన్నా అని బతిమాలుకున్నాడు. నమ్మవా? సరే, ట్యాంకు ఒకటే. బతిమాలింది కూడా నేనే అనుకో.

ఏం చెప్తాంటి? ఆ, సైన్యం. సైన్యంతో భయం రెండు దినాలే. రొట్టె అడుగుతారు, చేతి వాచీ అడుగుతారు, పోతారు. అసలు భయం వాళ్ల వెనకాల వచ్చినోళ్లతో. ముఖాబరాత్ అనేటోళ్లు, వాళ్ల రహస్య పోలీసులు. యూనిఫారం ఉండదు. ఇస్త్రీ చొక్కా, నున్నగా దువ్విన తల, జేబులో చిన్న నోటుబుక్కు. మా వీధి చివరి బడిని వాళ్లు తీసుకున్నారు. బడిలో గంట మోగదు, పొద్దంతా జనరేటరు చప్పుడు. కరెంటు ఉండంగానే జనరేటరు ఎందుకబ్బా అని నాకు విచిత్రం. పుల్లయ్యన్నే చెప్పినాడు, 'లోపల అరుపులు బయటికి వినపడకుండారా' అని. ఎదురింటి పిల్లోడిని పట్టుకపోయి, వారం తర్వాత ఇంటి ముందరికే తెచ్చి, తల్లిని గేటు దగ్గరికి పిలిచి, ఆమె చూస్తాండంగా కాల్చి పోయినారు. నాకప్పుడు ఒకటే ఆత్రం, ఈ మనుషులు ఎట్లా తయారవుతారు, పొద్దున పెండ్లానికి ఏమని చెప్పి పనికి బయల్దేరతారు అని. చెక్‌పోస్టులో ఒక ఇరాకీ సిపాయి ఉండె. నలభై ఏండ్లోడు, వాళ్లూర్లో లెక్కల పంతులంట, పట్టుకొచ్చి తుపాకీ ఇచ్చినారు. మీ తాత దినామూ వానికి ఒక రొట్టె ఇచ్చేటోడు. వాణ్ణే అడిగినా. వాడు రెండు పక్కలా చూసి, 'మీరు మూడు నెలల్నుంచి భయపడతాండారు, మేము ఇరవై ఏండ్లనుంచి' అన్నాడు. 'ముందు దొంగల్ని పట్టినారు, మేము చప్పట్లు కొట్టినాం. తర్వాత వేరే పార్టీలోళ్లని. మాకెందుకులే అనుకున్నాం. ఆఖరుకి బడికొచ్చినారు. టీవీలో మా దేశాన్నేలే పెద్దాయన కనపడితే మీ నాయన ఏమంటాడో పిల్లోళ్లని అడుగు అన్నారు నాతో. ఒక పాప, మా నాయన టీవీ ఆపేస్తాడు సార్ అనింది. వారం తిరక్కముందే ఆ నాయన లేడు. అడిగింది నా నోరే' అన్నాడు. వాడు ఏడ్వలేదు మనవడా. రొట్టె నములుతానే చెప్పినాడు. నేను మనసులో వాణ్ణి ఎంత అసహ్యించుకుంటినో.

మిషారి అప్పటికి పాతికేండ్లోడు. ఇరాకోళ్ల మీద కాగితాలు రాసి పంచుతాండె. వాని కోసం వెతుకుతాండారని తెలిసి మామా, అంటే వాళ్లమ్మ, తెచ్చి మా రూములో దాచింది. నలభై దినాలు మాతో చారన్నం తిన్నాడు. ఒక మధ్యాన్నం ఇరవై జీపులు వచ్చినాయి. సరే, రెండు. మిషారి ఉత్త కాళ్లతో పోయి మిద్దె మీది ఖాళీ నీళ్ల ట్యాంకులో దూరినాడు. మీ తాత మూత వేసి, దాని మీద వడియాల గుడ్డ పరిచేసినాడు, పొద్దుట్నుంచి ఎండుతాండే వడియాలు. ఇంక ఆ పైన నేను ఆఫీసరు కాలరు పట్టుకుని గోడకు ఆనించిన కథ నువ్వూ విన్నింటావు, మనూర్లో అందరూ విన్నారు. అది లేదు. నేను గోడకు ఆనుకోని ఉండా, అంతే. ఆఫీసరు సలాం చెప్పి, మా మొగాలు కూడా చూడలేదు. గడప దగ్గర నిలబడి కిందికి చూసినాడు. లోపల ఇద్దరు మనుషులు, బయట మూడు జతల చెప్పులు. రెండు రబ్బరువి. మూడోది కువైటోళ్లు తొడిగే మంచి తోలుది. 'ఇది ఎవరిది?' అన్నాడు. పుల్లయ్యన్న, 'నాది సార్, పెద్దాయన పండక్కి ఇచ్చినాడు' అన్నాడు. 'మరి ఆ రబ్బరు జత?' 'అది హమ్మాంకు పోయేటప్పుడు.' అంత భయంలోనూ నాకు నవ్వొచ్చింది. హమ్మాంకు, అంటే బాత్రూముకు, వేరే చెప్పులంటే దండగరా అని నన్ను తిట్టేటోడు ఆయనే. 'తొడుక్కో' అన్నాడు ఆఫీసరు. మీ తాత కాళ్లు నీకు తెల్దు, చేట మాదిరి ఉంటాయి. మడమ రెండు వేళ్లు వెనక్కి దిగింది. ఆఫీసరు వంగి, మర్యాదగా చూసినాడు. 'మీ పెద్దాయన కొలత తీసుకోలేదే' అన్నాడు. నోటుబుక్కులో ఏదో రాసుకున్నాడు. 'యల్లా, పద' అన్నాడు. ఆ చెప్పులతోనే తీసుకపోయినారు. మెట్లు దిగుతాంటే అవి టపటపమని కొట్టుకునేది విన్నా. ఆయన్ను మళ్లా చూడలేదు, అది వినిందే ఆఖరు.

వాళ్లు మళ్లా మిద్దె ఎక్కలేదు. దినామూ చూస్తాంటిమి, ఈ పొద్దు వస్తారు, రేపు వస్తారని. రాలేదంటే ఆ బడిలో పుల్లయ్యన్న నోరు తెరవలేదని. యుద్ధం ఐపోయినాక మిషారి ఆ బడిలో ప్రతి గదీ వెతికినాడు, ఖైదీల ప్రతి లిస్టూ చూసినాడు. ఏమీ లేదు. ఫోన్లు పనిచేసినాక మీ అవ్వ ఒక్కటే అడిగింది, 'నర్సింహులూ, ఆ చెప్పులు బయట ఎవురు విడిచినారు' అని. 'వాడేమ్మా, ఆ కువైటోడే, బుద్ధిలేనోడు' అన్నా. ముప్పై ఐదేండ్లనుంచి అదే చెప్తాండా. మిషారికి తెలుసు. ఒక్కనాడూ కాదనలేదు. మీ అవ్వ ముందర ఫోనులో ఏడ్చినాడు కూడా, క్షమించు అని. మిషారి చెప్పులు ఎప్పుడూ రూములోపలే పెట్టుకునేటోడు మనవడా, దాక్కున్నోడు బయట విడుస్తాడా? జీపులొచ్చిన దినం పొద్దున పటం ముందర, కంచాల పక్కన ఆ తోలు చెప్పులు కనపడినాయి. అన్నం తినే తావులో చెప్పులేందిరా అని గొణుక్కుంటా, నా ఈ రెండు వేళ్లతో పట్టుకోని, గడప బయట మా జతల పక్కన సరిగ్గా వరసగా పెట్టింది...

అట్లా చూడొద్దు. టీ చల్లారిపాయ, ఇంకోటి పెట్టమంటావా? ఎండ తగ్గినట్లుండాది. అర్దియాకు పోవాల్నంటే బస్సు ఇప్పుడైతే ఖాళీగా ఉంటాది. చెప్పులు ఆ మూలన్నే ఉండాయి చూడు.