పలక మీద రాసి వెళ్ళు

ఏంటి, ఒక్కదానివే బయల్దేరావా? వెళ్ళు తల్లీ, నేనేం ఆపటం లేదు. ఆపితే ఆగే రకమైతేగా నువ్వు. ఆ పలక మీద రాశావా మరి? సుద్దముక్క అదుగో, మేకు పక్కన డబ్బాలో ఉంది. ఫోనుందంటావా. ఎక్కడ పెట్టావ్? జీను సంచిలోనా? అదీ సంగతి. నువ్వు పడ్డావనుకో, ఫోను గుర్రంతో పాటు ఇంటికొస్తుంది, నువ్వేమో అక్కడే ఉంటావు. తీసి జేబులో పెట్టుకో. నవ్వకు. మీ అమ్మమ్మయితే నవ్వేది కాదు.

మీ అమ్మమ్మంటే మా అక్క. నువ్వు ఫొటోలో చూడటమేగా. ఈ గుర్రాలశాలలో పనివాళ్ళంతా ఆవిణ్ణి జాగ్రత్తమ్మ అనేవాళ్ళు. వెనకాలే లే, మొహమ్మీద అనే ధైర్యం ఎవరికుంది, నాతో సహా. గుర్రం పొట్టకింద పట్టీ ఒకసారి బిగించేదా, నాలుగడుగులు నడిపించి మళ్ళీ బిగించేది. ఎందుకక్కా అంటే, "ఫొటో తీసేటప్పుడు మీ బావ పొట్ట లోపలికి పీలుస్తాడు చూడు, ఈ గుర్రం దానికి తలకిందులు, పట్టీ బిగిస్తుంటే బయటికి ఉబ్బిస్తుంది" అనేది. మా బావ పక్కనే ఉండి వినేవాడు పాపం. మడమ లేని చెప్పులేసుకుని ఎక్కితే దింపేసేది, పాదం రికాబులోంచి, అదే జీనుకి వేలాడే ఇనప కడియంలోంచి, ముందుకి జారి ఇరుక్కుంటే గుర్రం ఈడ్చుకుపోతుందని. మెళ్ళో ఎప్పుడూ ఒక ఈల. ఆ పలక కూడా ఆవిడ పెట్టిందే. వెళ్ళేవాళ్ళు పేరు, దారి, తిరిగొచ్చే టైము రాయాలి, వచ్చాక చెరపాలి. పలక మీద పేరుందంటే మనిషింకా బయటే ఉన్నట్టు. ఇంతకంటే ఏం చేస్తారు చెప్పు ఎవరైనా.

ఆ రోజు పొద్దున ఏం రాసిందో నాకిప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది. రాళ్ళవాగు దారి, రెండు గంటలు అని రాసింది. వాగు అవతల దారికడ్డంగా చెట్టు పడిందంటే చూసొస్తానంది. వెళ్ళేముందు మాకో మాట తేడా వచ్చింది, కొట్టాలు కడగలేదని. అప్పటికి నాకు పెళ్ళయి ఏడాది, ఇంకా చిన్నపిల్లాడిలా తిట్లు తినటమేంటని నాకు పౌరుషం. సరే, మధ్యాహ్నం నేను భోంచేసి వచ్చేసరికి గుర్రం దాని చోట నిలబడి గడ్డి తింటోంది. జీను దించలేదు, ఒళ్ళు తుడవలేదు. నాకు ఒళ్ళు మండిపోయింది. పొద్దుటి కోపంతో కావాలనే ఈ పని నా నెత్తిన పడేసి ఇంటికెళ్ళిపోయిందనుకున్నా. పగ్గం ఒకటి తెగి ఉంది తల్లీ. చూశాను. చూసి, రేపు కుట్టించాలి అనుకున్నాను. సంచిలో నీళ్ళ సీసా నిండుగా ఉంది. ఇంత ఎండలో గుక్కెడు నీళ్ళు తాగలేదేంటి ఈ మనిషి అని గొణుక్కుంటూ పారబోసి, కడిగి, బోర్లించాను. అన్నీ సర్ది, చివర్న పలక చెరిపాను.

బావ ఐదింటికి కర్రమిల్లు నుంచి వచ్చాడు. వస్తూనే పలక చూసేవాడు, అలవాటు. ఖాళీగా ఉంది. మీ అమ్మకప్పుడు నాలుగేళ్ళు, పక్కవీధి దర్జీ వాళ్ళింట్లో ఆడుకునేది. అక్క పిల్లని తీసుకురావటానికి వెళ్ళి అక్కడే కబుర్లలో పడిందనుకున్నాడాయన. దీపాలు పెట్టాక దర్జీ భార్యే పిల్లని ఎత్తుకొచ్చి, వాళ్ళమ్మ ఇంకా రాలేదేంటని అడిగింది. ఇక చూడు, గుర్రం కొట్టంలోనే ఉంది కదా అని రాత్రంతా ఊళ్ళోనే వెతికాం. తెల్లారాక గానీ దొరకలేదు. ఎక్కడో అనుకునేవు. రాళ్ళవాగు దారిలోనే, రాసిన దారిలోనే. తుంటి విరిగి లేవలేకపోయింది. ఈల నోట్లోనే ఉంది. సాయంత్రం తెచ్చుంటే బతికేదన్నాడు డాక్టరు. ఆ మాట నా ఎదురుగానే అన్నాడు.

బావ ఒకే ఒక్కసారి అడిగాడు. "పలక ఎవరు చెరిపార్రా?" అన్నాడు. మధ్యాహ్నం తర్వాత జల్లు పడింది కదా బావా, తడికి చెరిగుంటుంది అన్నాను. చూడు ఆ పలకని. చూరు కింద, లోపలి గోడకుంది. జల్లు అక్కడికి రాదు. ఆయనకీ తెలుసు. పోయేదాకా మళ్ళీ అడగలేదు. మీ అమ్మకి ఇప్పటికీ తెలీదు. నీకెందుకు చెప్పానో కూడా నాకు తెలీదు. పొద్దున్నుంచి నువ్వు ఒక్కదానివే వెళ్తానంటున్నావు, అందుకేనేమో.

రాశావా? పన్నెండింటికా? సరే. వచ్చాక నువ్వే చెరపాలి, నీ చేత్తో. ఎంత అలిసిపోయినా సరే. నేను ముట్టుకోను దాన్ని. అట్లా చూడకు నన్ను. గుర్రాన్ని ఇటు తిప్పు, పట్టీ రెండోసారి బిగించలేదు నువ్వు.