పేరు చెప్పలేక పోయిన ఉద్యోగం

"అవ్వా, నలభై వచ్చేసరికి ఉద్యోగాలు మానేసి మనూరికి వచ్చేద్దామని నేనూ కార్తీకూ అనుకుంటున్నాం. నువ్వేమంటావు?"

నేనేమంటా. ముందు ఆ పిల్లోణ్ణి పేరు పెట్టి పిలవడం మానుకోమంటా. చెప్పులు యాడ పెట్టినావు కార్తీక్, చార్జరేది కార్తీక్. పొద్దున్నుంచి నూరుసార్లు విన్నా. సరేలే, మీ కాలం మీది. ఆ దిండు ఇట్ల అందీ. ఊఁ.

ఇదేమన్నా కొత్త సంగతనుకుంటాండావా పాపా? మీ తాత ఎప్పుడో చేసినాడు ఆ పని, నలభై రెండేండ్లకే. అప్పుడు మద్రాసు నుంచి విడిపోయి కొత్త రాష్ట్రం వచ్చిండె. కర్నూలు రాజధాని. మనదీ కర్నూలు జిల్లానే అప్పుడు, ఒంగోలు కాదు. రాజధాని మా జిల్లాలోనే ఉందని మావోళ్ళు మీసాలు తిప్పేది, పోయి చూసొచ్చినోడు ఒక్కడు లేడు. ఏం చెప్తాండా నేను... ఆఁ, మీ తాత. మార్కాపురంలో పలకల కంపెనీలో పెద్ద గుమాస్తా. బడిపిల్లలు రాసుకునే పలకలు లేదూ, అవి. పెద్దాఫీసు మద్రాసులో. ఇంటికొస్తే చొక్కా దులిపితే చాలు, గది నిండా పలక పొడి. కానీ క్వార్టర్సు ఇచ్చినారు, సిమెంటు నేల, పెరట్లో కొళాయి. కొళాయి పాపా, తిప్పితే నీళ్ళు! నేను దాని పక్కనే కూర్చోని ఊరికే తిప్పి చూసేదాన్ని మొదట్లో.

ఆ సుఖం పట్టలే ఆయప్పకు. గొర్రెలు మేపాలంట. మా మామ పోయినాక పెద్దారవీడు కాడ మనూళ్ళో చేనూ, ఇన్ని గొర్రెలూ మిగిలినాయి, వాటి మీదకి మళ్ళింది మనసు. పదేండ్లప్పుడే బడికని మార్కాపురంలో వదిలినారు గదా, గొర్రె తోక పట్టుకున్న మొహం కాదు. అందుకని ఆర్నెల్లు తయారైనాడు. చెప్పులిడిసి క్వార్టర్సు చుట్టూ నడిచేది, కాల్లో ముల్లు దిగితే నేను పిన్నీసు పెట్టి తీసేది. కాఫీ మానేసి సంగటి తింటానన్నాడు, నాలుగో దినం తలకాయ నొప్పని మంచమెక్కినాడు. గొంగడి కొన్నాడు. ఎండాకాలం పాపా, చెమటలు కారతాంటే అది కప్పుకుని వసారాలో నిలబడినాడు, బాగుందా అని నన్నడుగుతాడు. అలవాటు కావాలని ఒక పొట్టేలు పిల్లను తెచ్చి పెరట్లో కట్టేసినాడు. అలవాటు ఆయప్పకా దానికా, నాకు తెలీదు. రాజీనామా రాసి ఆరుబయట పెడితే అది నమిలి మింగింది. మంచి పని చేసినావు నాయనా అని దానికి ఇంత గడ్డి ఎక్కువేసినా. మళ్ళా రాసినాడు.

ఇంకోటి. కంపెనీ సైరను ఐదున్నరకు కూత పెట్టేది. కూత విన్నా లేవకుండా పడుకునేది నేర్చుకోవాలని పంతం పట్టినాడు. యాడ? కూత వినపడంగానే కాళ్ళు వాటంతటవే మంచం దిగేవి. కాళ్ళను తిట్టుకునేవాడు పాపం.

నేను నవ్వతాండానే గానీ లోపల నాకు భయం. ఆ ఊళ్ళో బావి అంటే పాతాళం, తాడు లాగి లాగి మా అత్త చేతులు ఎట్లయిపోయినాయో చూసినా. కొళాయి వదిలి ఆ బావి కాడికి పోవాల నేను. ఆయప్పతో చెప్పినానా అంటే చెప్పలే. మొగుడికి ఎదురు చెప్పేది తెలీదు మాకు. మొగుడికి చెప్పకుండా ఆఫీసుకు పోయేది మాత్రం తెలుసు.

పోయినా. చెంబులో నెయ్యి పోసుకుని, పిల్లోళ్ళిద్దర్నీ రెండు పక్కలా పట్టుకుని. మేనేజరు మద్రాసు నుంచి వచ్చి రెండు దినాలు కాలే, తెలుగు వచ్చీ రానట్టు. కాగితాలు కట్టకట్టి ముందర పెట్టుకోనుండాడు. మా ఆయన ఇచ్చిన కాగితం చింపేయి సామీ, పిల్లలు గలదాన్ని అని ఏడ్చినా. మీ ఆయన పేరేందమ్మా అన్నాడు.

అక్కడొచ్చింది చావు. మొగుడి పేరు ఎత్తితే ఆయుస్సు తగ్గుతాదని మాకు. నేను కొంగు నోట్లో పెట్టుకున్నా. మన మార్కాపురం గుళ్ళో సామి పేరే అన్నా. ఆయప్పకేం తెలుసు, బంట్రోతును పిలిచినాడు. వాడు ఇంటిపేరు లేకుండా ఆ సామి పేరొక్కటే చెప్పినాడు. మేనేజరు కట్టలో వెతికి ఆ పేరున్న కాగితం తీసి చదివినాడు. చదివి నన్ను చూసినాడు, పిల్లోళ్ళను చూసినాడు, మొగం ఎర్రగా అయింది. "నేనుండంగా ఇది జరగనీను, ధైర్యంగా పో తల్లీ" అని నా కళ్ళ ముందరే నాలుగు ముక్కలు చేసినాడు. ఎంత అర్థం చేసుకున్నాడో మారాజు అనుకుంటా ఇంటికొచ్చినా. ఆ పూట పాయసం చేసినా.

మార్కాపురంలో ఆ పేరోళ్ళు ఎంతమందని పాపా, వీధికి ఇద్దరు. కంపెనీలోనే ఇంకొకాయప్ప ఉండె, స్టోరు చూసేవాడు, పెండ్లి కాని మనిషి. మేనేజరు చింపింది ఆయప్ప కాగితం. అదేం కాగితమనుకున్నావు? నా పెండ్లికి పది దినాలు సెలవు ఇప్పించండి అని!

పెండ్లాం పిల్లల్ని పెట్టుకుని ఇంకో పెండ్లా అని మేనేజరు అందరి ముందర కడిగేసినాడంట. ఆ కబురు గిద్దలూరులో పెండ్లికూతురోళ్ళ ఇంటికి చేరింది, వాళ్ళు పెండ్లి లేదు పొమ్మన్నారు. ఆయప్ప మా ఇంటికొచ్చి, "ఎవతో నా పెండ్లాన్నని నెయ్యి చెంబుతో వచ్చిందంట, అన్నా" అని తలకాయ పట్టుకున్నాడు. మీ తాత మెల్లగా నా తట్టు తిరిగినాడు. నేను ఖాళీ పొయ్యి ఊదతాండా.

నవ్వినాడు పాపా, దగ్గొచ్చేదాకా నవ్వినాడు. ఆయప్ప పోయినాక పక్కన కూర్చోని, ఎందుకు పోయినావే అన్నాడు. నీళ్ళు మోయలేననీ, భయమనీ చెప్పినా. "నాతో ఒక్కమాట అనుంటే మానేసుందును గదే" అన్నాడు. ఇప్పుడన్నా మానుకో అన్నా. ఆ పొద్దే రాజీనామా సంతకమై మీ తాత చేతికొచ్చిందంట.

గిద్దలూరు పోయి పంచాయితీ తీర్చినాంలే. అక్కడా మీ ఆయన పేరేంది అన్నారు, అక్కడా కొంగే. ఆ పెండ్లి జరిగింది, మొదటి పెండ్లాం వచ్చిందని నన్ను ఎగతాళి చేసినారు.

ఇంక మనూరొచ్చినాం. ఆయప్ప గొర్రెల్ని మేపినాడా అంటే, గొర్రెలే ఆయప్పను తిప్పినాయి. కానీ మొదటి దినం పాపా, కూత లేదు ఏం లేదు, ఐదున్నరకు కాళ్ళు దిగినాయి. కావడి భుజానేసుకుని బావి కాడికి పోయినాడు. పెద్ద గుమాస్తా నీళ్ళు మోస్తాండాడని ఊరంతా నవ్వింది, ఆడోళ్ళు నన్ను చూసి మూతులు తిప్పినారు. పదకొండేండ్లు మోసినాడు. ఒక్క బిందె నా నెత్తికెత్తలే.

తర్వాత జ్వరమొచ్చింది. నాలుగు దినాలే. పేరు ఎత్తకుండానే ఉన్నా గదా, అయినా పోయినాడు. కంపెనీలోనే ఉండింటే యాభై ఐదు దాకా ఇడిసేవాళ్ళు కాదు, ఆయప్పకు యాభై ఐదు రానే లేదు. ఆ పొద్దు మేనేజరు ముందర నా నోరు పెగిలి ఇంటిపేరుతో సహా చెప్పుంటే ఆ పదకొండేండ్లూ ఆ పలక పొడిలోనే పోయుండేవి పాపా. నాకు దక్కేవి కాదు.

చెన్నకేశవులు.

చూడు, పేరెత్తినా. ఇన్నేండ్లకు. చెన్నకేశవులూ... పిలుద్దామన్నా పలికేదెవురిప్పుడు.

వచ్చేయండి తల్లీ, ఇద్దరూ వచ్చేయండి. ఇందాక మానుకోమన్నా గదా, ఆ మాట తీసేయి. రోజుకు నూరుసార్లు పిలువు, పిలిచినప్పుడల్లా ఆ పిల్లోడు పక్కగదిలోంచి ఊఁ అనాల, నువ్వు పండుముసలివైందాకా అనాల. పో, గొంతు ఎండింది, ఇంత కాఫీ పెట్టు. నువ్వొద్దులే, కార్తీకును పిలువు, పెడతాడు.