మూడు రేవుల్లో లిబరల్

జిరాక్స్ కొట్టు అమ్మాయి ఇంతవరకూ పైకి అనని మాట ఒకటుంది. పద్నాలుగు నెలల కిందట అక్కని "నువ్వు లిబరల్‌వి, యజమానుల మనిషివి" అని దులిపేసిన రోజున, ఆ మాటకి అర్థం తనకే సరిగ్గా తెలీదు. చదువు మధ్యలో మానేసి, జిరాక్స్‌కి వచ్చిన పుస్తకాలే చదువుకున్న పిల్ల. ఎవరో దూరదేశపాయన పుస్తకంలో లిబరల్ అంటే సర్కారు తప్పుకుంటే వ్యాపారమే అందర్నీ బతికిస్తుందనేవాడని ఉంటే, దాన్నే పట్టుకు వేలాడింది. అక్కేమో ఆస్పత్రిలో నర్సు, నర్సుల సంఘం మనిషి; బీదోళ్ళ వైద్యం సర్కారే చూడాలంటూ, తను లిబరల్‌నని చెప్పుకునేది. చెల్లెలి మాటకి కంచం ముందు నుంచి లేచిపోయింది. మళ్ళీ పలకరింపు లేదు.

ఆ పొద్దున ఓడల మరమ్మతు యార్డు గేటు ముందు, టీ కొట్టులో పేపరు చదువుతూ, "ఎక్కడో లిబరళ్ళు గెలిచారట" అంది అమ్మాయి.

"గెలిచినోళ్ళు మంచోళ్ళా, చెడ్డోళ్ళా?" అంది టీ అత్త.

ఓడలకి రంగులేసే మామ గ్లాసు కింద పెట్టాడు. మామ గ్లాసు కింద పెట్టాడంటే ఇక ఎవరి పనీ సాగదన్నమాటే.

"ఆ ముక్క నన్నడుగు. ఓడెక్కి దేశాలు తిరిగే రోజుల్లో మొదటి రేవులో దిగానా, ఒకాయన 'నువ్వు లిబరల్‌వా?' అన్నాడు. కొత్తచోట కాదంటే బాగోదని ఔనన్నా. అంతే, ఫ్యాక్టరీ ఓనర్లంతా 'మనోడే, సర్కారు మన జోలికి రాకూడదనే రకం' అని వాటేసుకుని, మూడ్రోజులు నా కాలు నేలమీద పెట్టనివ్వలేదు."

"మూడ్రోజులే?" అన్నాడు వెల్డరు.

"వారమనుకో. ఆ తర్వాత ఏమైందో తెలుసా? రెండో రేవు. అక్కడా ఓనర్లే ఎదురొచ్చారు. అడక్కముందే రొమ్ము విరుచుకుని 'లిబరల్‌ని!' అన్నా. కుక్కల్ని వదిలారు నాయనా! అక్కడ లిబరలంటే బీదోడి మందూ చదువూ సర్కారే చూడాలనేవాడట. నలభై కుక్కలు! కూలీలొచ్చి నన్ను భుజాలకెత్తుకుని పదిమైళ్ళు పరుగు."

"పరిగెడుతూ కుక్కల్ని లెక్కెట్టావా?"

"పరిగెత్తింది వాళ్ళు. భుజాలమీద నాకేం పని?"

అందరూ నవ్వారు. అమ్మాయి మాత్రం నవ్వలేకపోయింది. రెండో రేవు మాట అచ్చం అక్క మాటే.

"మూడో రేవులో నోరు కుట్టేసుకున్నా. లాభం లేదు. అక్కడి లిబరళ్ళు తాతలనాటి నుంచి గద్దె దిగని మీసాలాళ్ళు, ఏదీ మారకూడదనే రకం. ఈలోగా మొదటి రేవోళ్ళూ రెండో రేవోళ్ళూ ఓడలేసుకుని నా వెనకాలే వచ్చి, అసలు లిబరళ్ళం మేమంటే మేమని ఫిరంగులు ఎక్కుపెట్టారు! నేను మధ్యన తెప్పమీద నిలబడి, బ్రష్షెత్తి, 'ఆగండ్రా!' అన్నా. ఫిరంగులు సముద్రంలో పారేసి ఒకటే ఏడుపు. ఆ కన్నీళ్ళకి రేవులో నీళ్ళు మూరెడు లేచాయి. మూడు రేవులోళ్ళూ కలిసి నన్ను ప్రధానమంత్రిని చేస్తే, సాయంత్రం దాకా మూడు దేశాలూ ఏలి, డబ్బాలో రంగు గడ్డకడుతుందని వచ్చేశా."

వెల్డరు తాపీగా మూతి తుడుచుకున్నాడు. "మామా, ఓడని నీళ్ళలోంచి పైకి లాగితేనే నీకు పని. మళ్ళీ నీళ్ళలోకి తోసేముందు నిన్ను దింపేస్తారు. ముప్పయ్యేళ్ళలో కదిలే ఓడమీద ఒక్కసారైనా ఉన్నావా?"

కొట్టంతా ఘొల్లుమంది. మామ గాలి తీసిన ట్యూబులా కూర్చుండిపోయాడు. గ్లాసు మళ్ళీ చేతిలోకి తీసుకుని, "లేను" అన్నాడు. "కానీ రంగు ఆరేదాకా నావికులకి పనుండదు కదా. నీడన చేరి వాదించుకునేవాళ్ళు. మూడు దేశాలోళ్ళు ముగ్గురు, ముగ్గురూ లిబరళ్ళమనే అన్నారు, తన్నుకున్నారు కూడా. అది మాత్రం కోత కాదు."

"ఆ తర్వాత?" అంది అమ్మాయి.

"తర్వాతేముందమ్మా, ఒకడికి బుద్ధొచ్చి 'ఆ మాటతో నువ్వేమనుకుంటున్నావో ముందు చెప్పరా' అన్నాడు. చెప్పుకున్నారు. రంగింకా ఆరలేదు, వీళ్ళు ఒక్క బీడీ ముగ్గురూ కాలుస్తున్నారు."

ఆ రోజు అక్క కూడా "ఏమనుకుని అంటున్నావే?" అని రెండుసార్లు అడిగింది. తనే వినిపించుకోలేదు. గుండెల మీంచి బండ దిగినట్టయింది అమ్మాయికి. అక్క ఎవరికీ అమ్ముడుపోలేదు. తనకి తెలీదని ఒప్పుకుంటే సరిపోతుంది, అంతే. ఇన్నాళ్ళూ అదేదో కొండంత అనుకుంది.

అక్క నైట్ డ్యూటీ దిగే వేళ. కొట్టు షట్టరు పావుగంట ఆలస్యంగా లేస్తే కొంపలేం మునగవు. ఫోన్ చేసే తీరాలనుకుని, గేటు పక్కన సుత్తుల చప్పుడు తక్కువున్న చోటికి నడిచింది.